ఆ పేజీ ఎందుకు ఖాళీగా ఉంది?

సంపాదకుల వారికి నమస్కారాలు.

నలభై ఏళ్ళుగా మీ పత్రిక చదువుతున్నాను కానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కోనసీమలో ఒక కాలువ లాకుల దగ్గర 31 ఏళ్ళు లస్కరుగా, అంటే నీటి తలుపులు చూసుకునే మనిషిగా, పనిచేసి రిటైరయ్యాను. ఈ ఉత్తరం టీకాల కార్డులో ఖాళీగా ఉండిపోయిన ఒక పేజీ గురించి, మా మనవరాలి గురించి. ఇంట్లో బుజ్జి అని పిలుస్తాం. దానికిప్పుడు మూడేళ్ళ రెండు నెలలు. ఇంకా నడవదు, నిలబడదు. ఆసరా లేకుండా కూర్చోలేదు. మాటలు రాలేదు. బరువు తొమ్మిదిన్నర కిలోలు కూడా లేదు. ఎందుకిలా ఉందని ఎంతమందినో అడిగాం. ఇంతవరకు తెలియలేదు. ఉత్తరం పెద్దదే అవుతుంది. వీలైతే కత్తిరించకుండా వెయ్యండి. ఇందులో ఏ ముక్క ఏ తల్లికి పనికొస్తుందో, ఏ ముక్క చూసి ఏ డాక్టరు గారికి ఏం తడుతుందో నాకు తెలియదు.

మా అమ్మాయిని ఏడో నెలలో పురిటికి తీసుకొచ్చాం. కాన్పు మామూలుగానే అయింది. పిల్ల 2 కిలోల 600 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది. ఈ సంగతి ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదటి ప్రశ్న అదే. రెండో ప్రశ్న, మేనరికమా అని. కాదు. మా అల్లుడిది బయటి సంబంధం, రెండు వైపులా నాలుగు తరాలు వెతికినా చుట్టరికం కనపడలేదు. మూడో రోజున కామెర్లు వస్తే రెండు రోజులు లైటు కింద ఉంచారు, తగ్గిపోయాయి. ఇంటికి వచ్చేశాం.

మా వైపు పిల్లలు బోర్లా పడితే బొబ్బట్లు పంచుతారు. గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకి చిలకలు. మా ఆవిడ నాలుగో నెల రాగానే బొబ్బట్లకి శనగపప్పూ బెల్లమూ తెప్పించి పెట్టింది. అయిదో నెల వెళ్ళింది. ఆరో నెల వచ్చింది. పిల్ల బోర్లా పడలేదు సరికదా మెడే నిలవలేదు. భుజాన వేసుకుంటే తడి తువ్వాలులా వాలిపోయేది. ఒక్కపూట పాలు తాగడానికి గంట పట్టేది, మధ్యలో ముక్కులోంచి వచ్చేవి. ఆడపిల్ల, నిదానం అన్నారు చుట్టాలు. దగ్గరి టౌన్లో చూపిస్తే, కొందరు పిల్లలు లేటు, కంగారు పడకండి అన్నారు. మేమూ అదే వినాలనుకున్నాం, విని ఊరుకున్నాం. ఆ శనగపప్పు చివరికి పురుగు పట్టింది.

ఆరు నెలలు నిండిన నాలుగో రోజున ఇంకోటి మొదలైంది. నిద్ర లేవగానే తల ముందుకి వాల్చి, రెండు చేతులూ ఒక్కసారి పైకెత్తి దింపేది. రెండు మూడు క్షణాలు ఆగి మళ్ళీ. అలా వరసగా పది, పదిహేనుసార్లు. తర్వాత ఏడుపు. మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ, చూడండి, పిల్ల లేస్తూనే దేవుడికి దండం పెడుతోంది అంది. నేనూ సంతోషించాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది. తర్వాత అది ఉలికిపాటు అన్నారు. తాయెత్తు కట్టించాం. కడుపునొప్పి అయి ఉంటుందని ఒక డాక్టరు గారు గ్యాస్ చుక్కలు రాశారు. ఇంకొకచోట, అక్కడికి వెళ్ళేసరికి పిల్ల హాయిగా నిద్రపోతోంది, ఏమీ లేదు పొమ్మన్నారు.

లాకుల దగ్గర మా పని తలుపులు ఎత్తడం, దించడం మాత్రమే కాదు. ఉదయం, సాయంత్రం ఎగువ గేజి, అంటే నీటిమట్టం, ఎంత, దిగువ గేజి ఎంత అని రిజిస్టరులో రాయాలి. పండగైనా, తుఫానైనా గడి ఖాళీ వదలకూడదు. ఒక్క గడి ఖాళీగా ఉంటే ఆ పూట నీరు ఎక్కడ పోయిందో పైవాళ్ళు చెప్పలేరు. ఆ అలవాటుతో ఒక నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టాను. ఉదయం 6.10, పద్నాలుగు సార్లు. మధ్యాహ్నం 2.40, తొమ్మిది సార్లు. పాలు తాగాక లేదు. మా అబ్బాయి సెల్‌ఫోన్‌లో నలభై సెకన్ల వీడియో తీశాడు. ఆ రెండూ పట్టుకుని యానాం వంతెన మీదుగా కాకినాడ వెళ్ళాం. అక్కడ పిల్లల నరాల డాక్టరు గారు వీడియో ఒక్కసారి చూశారు. నోటుబుక్కు రెండు పేజీలు తిప్పారు. "ఇవి ఫిట్స్ అండీ, ఇవాళే ఈఈజీ తీయాలి" అన్నారు. ఈఈజీ అంటే మెదడు పనితీరుని గీతలుగా గీసే పరీక్ష. అప్పటికి ఫిట్స్ మొదలై ఏడు వారాలు.

ఫిట్స్ అంటే కిందపడి కొట్టుకోవడం, నోట నురగ అని మాత్రమే మాకు తెలుసు. పసిపిల్లల్లో ఇలా దండం పెట్టినట్టు కూడా వస్తాయట. వీటిని ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ అంటారట. ఎక్కువగా మొదటి ఏడాదిలోనే, నిద్ర లేచిన వెంటనే, వరసగా వస్తాయట. రోజులు గడిచేకొద్దీ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది కాబట్టి ఎంత త్వరగా ఆపితే అంత మంచిదన్నారు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక తొమ్మిదో రోజున ఆగాయి. ఆ రోజు నోటుబుక్కులో సున్నా రాసి, కింద గీత గీశాను. మళ్ళీ ఇరవయ్యో నెలలో వేరే రకంగా వచ్చాయి, ఇప్పుడు రెండు మందుల మీద ఉంది.

ఆ డాక్టరు గారే మరో సంగతి చెప్పారు. ఈ జబ్బుని మొదట రాసిపెట్టినది డాక్టర్ వెస్ట్ అనే ఇంగ్లీషు వైద్యుడట. 1841లో లాన్సెట్ అనే వైద్య పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాడట, సొంత కొడుకు గురించి. నా బిడ్డకి తల ఇలా ముందుకి వాలుతోంది, నాకు తెలిసిన మందులన్నీ అయిపోయాయి, ఇలాంటిది ఎవరైనా చూశారా అని తోటి వైద్యుల్ని అడగడమే ఆ ఉత్తరం. అప్పటికి మా ధవళేశ్వరం ఆనకట్ట పని కూడా మొదలవలేదు. అంత చదువుకున్న వైద్యుడే ఉత్తరం రాసి అడిగినప్పుడు లాకుల లస్కరు అడగడంలో తప్పేముంది అనిపించింది. ఈ ఉత్తరానికి కారణం అదే.

ఫిట్స్‌కి పేరు దొరికింది. అవి ఎందుకొచ్చాయో దొరకలేదు. మత్తు ఇచ్చి ఎమ్మారై తీశారు, నార్మల్. థైరాయిడ్ నార్మల్. రక్తంలో, మూత్రంలో ఆమ్లాల పరీక్షలు నార్మల్. క్రోమోజోములు నార్మల్. మా ఇంట్లో నార్మల్ అనే మాటంటే భయం పట్టుకుంది, ఎందుకంటే అది విన్నాక ఎవరూ ఏమీ చెప్పరు. చివరికి ఎక్సోమ్ టెస్ట్ అన్నారు. శరీరంలో సుమారు 20 వేల జన్యువులుంటాయట, వాటిలో ప్రొటీన్ల తయారీకి సంబంధించిన భాగాలన్నీ ఒకేసారి చదివే పరీక్ష అది. మా వంతు కొబ్బరితోట రెండు దింపుల డబ్బు దానికే పోయింది. రెండు నెలలకి రిపోర్టు వచ్చింది. ఒక జన్యువులో మార్పు ఉంది, అది జబ్బు తెచ్చేదో కాదో ఇప్పటికి చెప్పలేం అని ఉంది. అమ్మానాన్నల రక్తం కూడా పంపమన్నారు. అదే మార్పు మా అల్లుడిలోనూ ఉంది, అతను గునపంతో రోజుకి వెయ్యి కాయలు వలుస్తాడు. కాబట్టి అది కారణం కాకపోవచ్చన్నారు. మళ్ళీ మొదటికి వచ్చాం.

పేరు తెలిస్తే మాత్రం ఏమొస్తుంది, పిల్ల లేచి నడుస్తుందా అని మా వియ్యపురాలు అడిగింది. కడుపుమంటతో అన్న మాటే, కోపం లేదు. కానీ వస్తుంది. కొన్ని జబ్బులకి మందుంది. అంతకంటే ముఖ్యం, మా అమ్మాయికి ఇరవై ఏడేళ్ళు. రెండో బిడ్డని కనొచ్చా అని అడిగితే ఏ డాక్టరూ చెప్పలేకపోతున్నారు. అమ్మానాన్నలిద్దరిలో దాగి ఉన్న లోపం కలిసి వచ్చిన జబ్బయితే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. అలా కాక ఈ పిల్లలోనే కొత్తగా పుట్టిన మార్పయితే భయం చాలా తక్కువ. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో చూడండి. ఆ తేడా తెలియక మా అమ్మాయి, అల్లుడు మూడేళ్ళుగా నోరు మూసుకుని బతుకుతున్నారు.

ఇంకా మాకు కోపం తెప్పించినవి వేరే ఉన్నాయి. అవి అంతు తెలియనివి కావు, ఎవరికో ఒకరికి తెలిసినవే. మాకు చెప్పలేదంతే.

మా ఇళ్ళల్లో పసిపిల్లని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోస్తారు. మా ఆవిడ ముగ్గురు పిల్లల్ని అలాగే పెంచింది. బుజ్జికి ఏడాదిన్నర లోపు రెండుసార్లు నిమోనియా వచ్చింది. రెండోసారి ఆక్సిజన్ పెట్టారు. పందొమ్మిదో నెలలో ఒక థెరపీ అమ్మాయి తినిపించే పద్ధతి చూపించమంది. మా ఆవిడ పడుకోబెట్టి పోయగానే ఆపేసింది. మెడ పట్టు లేని, మింగడం కష్టమైన పిల్లకి ఇలా పోస్తే కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిటారుగా కూర్చోబెట్టి, కాస్త చిక్కగా చేసి, చెంచాడు చెంచాడు పెట్టండి అంది. ఆ రోజు నుంచి నిమోనియా రాలేదు. ఇంతకుముందు ఎంతమంది పెద్ద పెద్ద డాక్టర్లు చూశారు! పిల్లకి ఎలా తినిపిస్తున్నారు అని ఒక్కరు అడగలేదు. మా ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు, నేనే చేతులారా చేశాను అని. నువ్వు ప్రేమగా పెట్టావు, చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు అన్నాను.

కళ్ళదీ అంతే. మనుషుల్ని చూడదు, పట్టించుకోదు అనుకున్నాం. రెండేళ్ళు దాటాక ఒకచోట కళ్ళు, చెవులు పరీక్ష చేయించారా అని అడిగారు. చెవులు బాగున్నాయి. కంటి పవర్ మాత్రం చాలా ఎక్కువ తేలింది. వెనక రబ్బరు పట్టీ ఉన్న చిన్న కళ్ళద్దాలు పెట్టారు. పెట్టిన సాయంత్రం నా చేతి మీద గడియారం వైపు చూసింది, దాన్ని పట్టుకుంది. రెండేళ్ళ రెండు నెలల పిల్ల తాత చెయ్యి మొదటిసారి చూడటం అది.

అసలు విషయానికి వస్తాను. పిల్ల పుట్టినప్పుడు తల్లికీ బిడ్డకీ కలిపి ఒక కార్డు ఇస్తారు, అందరి ఇళ్ళల్లో ఉంటుంది. ఈమధ్య బుజ్జి కాగితాలన్నీ సర్దుతూ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. టీకాల పేజీ నిండుగా ఉంది. ఆరు వారాలకి, పది వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి, అన్నిటికీ తేదీ, సంతకం. అదే కార్డులో ఇంకో పేజీ ఉంది. బొమ్మలతో సహా ఏ నెలకి పిల్ల ఏం చెయ్యాలో ఉంది. మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం, పిలిస్తే తిరిగి చూడటం, అడుగులు వెయ్యడం. ఆ పేజీ మీద ఒక్క గీత లేదు. తెల్లగా ఉంది. మా వీధిలో ఉన్న మరో ఆరు కార్డులు అడిగి తెప్పించి చూశాను. ఆరింట్లోనూ ఆ పేజీ తెల్లగానే ఉంది.

టీకా సూది గుచ్చిన చేతులే ఆ పేజీ కూడా తిప్పి ఉంటే, పద్నాలుగో వారంలో కాకపోయినా తొమ్మిదో నెలకైనా, మెడ నిలవలేదు, ఇది రాయాలి అని పెన్ను పట్టి ఉండేవారు కదా? నర్సమ్మల్ని నేను అనడం లేదు. సూది వేసే రోజున సబ్‌సెంటర్ దగ్గర ఎంత జనమో నేను చూశాను, వాళ్ళకి ఊపిరాడదు. కానీ ఆ గడి నింపకపోతే అడిగేవాడు లేడు. మా రిజిస్టరులో గడి ఖాళీగా ఉంటే నాకు మెమో వచ్చేది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి ఒక పథకం ఉంది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల లేమి వల్ల వచ్చేవి, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా చూడాలి. ఆరేళ్ళ లోపు పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలోనే డాక్టర్ల బృందం చూడాలి. తేడా కనిపిస్తే జిల్లా కేంద్రానికి పంపాలి, అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియో, మాటలు నేర్పేవారు, కళ్ళూ చెవులూ చూసేవారు ఒకే కప్పు కింద ఉండాలి. చదివితే కళ్ళు చెమర్చేంత మంచి ఏర్పాటు. అలాంటిది ఒకటుందని మాకు రెండేళ్ళదాకా తెలియదు.

ఎందుకు తెలియలేదో ఆలోచించాను. పిల్ల పుట్టింది మా ఊళ్ళో. అయిదో నెలలో అత్తవారింటికి వెళ్ళింది, అది గోదారి మధ్యలో ఉన్న లంక గ్రామం. పేరు అక్కడి అంగన్‌వాడీలో రాయించారు. ఫిట్స్ మొదలయ్యాక మళ్ళీ మా దగ్గరికి వచ్చేసింది. ఇక్కడి అంగన్‌వాడీ టీచరమ్మ, ఈ పిల్ల మా లిస్టులో లేదండీ అంది. అక్కడి టీచరమ్మ, పిల్ల ఊళ్ళో లేదు అని రాసుకుంది. బృందం రెండు ఊళ్ళకీ వచ్చి వెళ్ళింది. రెండుచోట్లా బుజ్జి లేదు. మన దేశంలో పురిటికి పుట్టింటికి రావడం కొత్తా? ప్రతి ఇంట్లో జరిగేదే. అత్యంత జాగ్రత్తగా చూడాల్సిన ఆ నెలల్లోనే పిల్ల రెండు ఊళ్ళ మధ్య పడిపోతోంది. లిస్టు ఊరిని పట్టుకుని కాకుండా పిల్లని పట్టుకుని ఉండాలి. ఈ ఒక్క మార్పుకి పెద్ద ఖర్చేమీ కాదని నా నమ్మకం.

ఆ లంకలోనే జరిగిన ఒక మంచి కూడా చెప్పాలి. పోయిన ఏడాది గోదారి పొంగి కాజ్‌వే మునిగినప్పుడు బుజ్జి అక్కడే ఉంది. ఫిట్స్ మందు ఒక్క పూటకే మిగిలింది. ఆ మందు హఠాత్తుగా ఆపకూడదు, ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. ఊరి మెడికల్ షాపులో దొరకదు. అక్కడి ఆశా కార్యకర్త సీసా ఫొటో పంపించుకుని, ఇవతలి ఒడ్డున కొనిపించి, నాటు పడవ మీద తెచ్చి ఇచ్చింది. ఆమెకి ఎవరూ ఆ పని చెప్పలేదు. ఇప్పుడు మేము ఎప్పుడూ నెలకి సరిపడా మందు అదనంగా ఉంచుకుంటున్నాం. లంకల్లో ఉండి ఇలాంటి మందులు వాడేవారు జూన్ రాకముందే ఇంట్లో పెట్టుకోండి.

బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకి మడమ మీద గుచ్చి నాలుగు రక్తం చుక్కలు కాగితం మీద తీసి పంపితే, థైరాయిడ్ లోపం లాంటి కొన్ని జబ్బులు ముందే తెలుస్తాయట. థైరాయిడ్ లోపానికి మొదటి రెండు మూడు వారాల్లో మాత్ర మొదలుపెడితే పిల్ల అందరిలా ఎదుగుతుంది, ఆలస్యమైతే పోయిన బుద్ధి తిరిగి రాదు. బయోటిన్ అనే విటమిన్ ఇస్తే అదుపులో ఉండే ఫిట్స్ జబ్బు కూడా ఒకటుందన్నారు. మా పాపకి ఇవేవీ లేవు. కానీ లేవని మాకు తెలిసింది పద్నాలుగో నెలలో. ఉండి ఉంటే? మా కాన్పు జరిగిన చోట ఆ చుక్కల మాటే ఎవరూ ఎత్తలేదు. కాన్పుకి వేలు తీసుకున్న చోటే ఇలా ఉంటే, మిగతా తల్లుల సంగతి ఏమిటి? ప్రతి పుట్టుకకీ, ఏ ఆసుపత్రిలో అయినా, ఈ పరీక్ష జరిగి తీరాలి. అధికారులు దీనికి మీ పత్రికలోనే జవాబివ్వాలని కోరుతున్నాను.

మా ఊళ్ళో అందరికీ తలో అనుమానం ఉంది. చుట్టూ రొయ్యల చెరువుల నీళ్ళు అంటారు కొందరు. గ్యాస్ బావులు అంటారు కొందరు. వరిచేల మీద కొట్టే మందులు అంటారు. నాకూ ఆ అనుమానం వచ్చి డాక్టర్ని అడిగాను. ఒక పిల్లని చూసి అది చెప్పలేమండీ, మండలంలో ఇలాంటి పిల్లలు ఎందరున్నారో, ఎక్కడెక్కడున్నారో లెక్క ఉంటేనే ఏమైనా తేలుతుంది అన్నారు. న్యాయమైన మాట. ఎగువ గేజి, దిగువ గేజి రెండూ రాస్తేనే గండి ఎక్కడ పడిందో తెలిసేది. కానీ లెక్క ఎక్కడుంది? ఆ తెల్ల పేజీలోనే మొదలవ్వాల్సిన లెక్క అది. లెక్క లేకపోతే నిందలు మిగులుతాయి, ఆ నిందలు తిరిగి తిరిగి తల్లి మీదే పడతాయి.

పడ్డాయి కూడా. గ్రహణం పూట బయటికి వచ్చావా, బొప్పాయి తిన్నావా, సెల్‌ఫోన్ పొట్ట మీద పెట్టుకున్నావా అని మా అమ్మాయిని పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగారు. అడిగిన ప్రతిసారీ అది రాత్రిళ్ళు తొమ్మిది నెలలూ గుర్తు చేసుకునేది, ఏం తప్పు చేశానా అని. డిగ్రీ చదివిన పిల్ల. చివరికి కాకినాడ డాక్టరు గారు మా అమ్మాయినీ అల్లుణ్ణీ ఎదురుగా కూర్చోబెట్టి, నీ వల్ల కాదమ్మా, నువ్వు తిన్నదాని వల్లా కాదు అని గట్టిగా చెప్పారు. ఆ మాటకి ఫీజు కట్టాల్సి వస్తే ఇంకో దింపు డబ్బు కూడా ఇచ్చేవాణ్ణి. ఇలాంటి ఇంటికి చూడటానికి వెళ్ళేవాళ్ళు ప్రశ్నలు వెయ్యకండి. ఒక గంట పిల్లని ఎత్తుకుని కూర్చోండి, తల్లి స్నానం చేసి వస్తుంది.

అరుదైన జబ్బులకి కేంద్రం 2021లో ఒక విధానం తెచ్చింది, ఇప్పుడు 50 లక్షల దాకా సాయం ఉందట. హైదరాబాదులో సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి దానికి ఒక కేంద్రం. ఎంతో మందికి ప్రాణం పోసే పని, కాదనను. కానీ అది పేరున్న జబ్బుకి. పేరే దొరకని పిల్ల ఏ గుంపులోకి వస్తుంది? వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం కోసం వెళ్ళినచోట కూడా మమ్మల్ని, ఫలానా జబ్బు అని రాసిన కాగితం తెమ్మన్నారు. మా దగ్గర ఇరవై మూడు కాగితాలున్నాయి, అన్నిట్లో ఏది కాదో ఉంది. నడవలేని పిల్ల ఎదురుగా ఉంటే చాలదా? పింఛను డబ్బు కోసం నేను అడగడం లేదు, అది వస్తే మంచిదే, వారానికి రెండుసార్లు ఫిజియోకి ఆటో ఖర్చు వెళ్తుంది. నేను అడిగేది, ఇలాంటి పిల్లల ఫైలు మొత్తం ఒక్కచోట, ఒక్కరు, మొదటి కాగితం నుంచి చదవాలి. కాకినాడలో ఒకరు తల చూశారు, వేరేచోట ఒకరు ఊపిరితిత్తులు చూశారు, ఇంకొకరు కళ్ళు. మొత్తం పిల్లని చూసింది మా నోటుబుక్కు ఒక్కటే.

ఇది చదివే డాక్టర్ల కోసం ఆ నోటుబుక్కులోంచి కొన్ని ముక్కలు రాస్తున్నాను. తల చుట్టుకొలత పుట్టినప్పుడు 34 సెంటీమీటర్లు, ఇప్పుడు 46. ఒళ్ళు పట్టు తక్కువ, కానీ కంగారు పడితే కాళ్ళు బిగుసుకుంటాయి. మలబద్ధకం మొదటి నుంచీ ఉంది. రాత్రి రెండు గంటలకి లేచి గంటసేపు తనలో తను నవ్వుకుంటుంది, ఏడవదు. చేతివేళ్ళు నోట్లో పెట్టుకుంటుంది, వస్తువు ఇస్తే నాలుగైదు సెకన్లు పట్టుకుని వదిలేస్తుంది. రొయ్యల చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ మోత మొదలైతే ఏడుస్తుంది. లాకుల తలుపు సందుల్లోంచి నీరు దూకే చప్పుడంటే ఇష్టం, అక్కడికి తీసుకెళ్తే తల ఆ వైపే తిప్పి ఉంచుతుంది. ఇంతవరకు నేర్చుకున్నది ఏదీ మళ్ళీ పోలేదు. నిదానంగా అయినా ముందుకే వెళ్తోంది. పోయిన నెలలో తలగడ ఆసరాతో పది నిమిషాలు కూర్చుంది. వాళ్ళ అమ్మ చెయ్యి ఎత్తితే తనూ ఎత్తుతోంది.

ఇలాంటి పిల్లని ఏ డాక్టరు గారైనా చూసి ఉంటే, లేక ఇలాంటి బిడ్డ ఉన్న ఇల్లు ఏదైనా ఈ గోదావరి జిల్లాల్లో ఉంటే, దయచేసి మీ పత్రిక ఆఫీసుకి ఒక ముక్క రాయమని కోరుతున్నాను. నా చిరునామా, ఫోను నంబరు విడిగా కాగితం మీద పంపుతున్నాను, అవి అచ్చువేయకుండా వచ్చిన ఉత్తరాలు నాకు చేర్చండి. పిల్లల ఫొటోలు, రిపోర్టులు ఎవరూ పంపక్కర్లేదు, మాట చాలు. పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఇవాళ సాయంత్రం ఆ కార్డు బయటికి తీసి, ఆ పేజీ మీరే నింపండి. మెడ నాలుగు నెలలకి నిలవకపోయినా, ఎనిమిది తొమ్మిది నెలలకి కూర్చోకపోయినా, ఏడాదిన్నరకి నడవకపోయినా, వచ్చిన మాట వెనక్కి పోయినా, ఎవరు లేటులే అన్నా వినకుండా చూపించండి. ఏదైనా వింత కదలిక ఉంటే వీడియో తీయండి.

కాలువలు కట్టేసే లోపు, తర్వాతి దింపు డబ్బు రాగానే, బుజ్జిని హైదరాబాదు తీసుకెళ్తున్నాం. రెండేళ్ళ కిందటి ఎక్సోమ్ రిపోర్టుని ఇప్పుడు కొత్తగా తెలిసిన వాటితో పోల్చి మళ్ళీ చదవొచ్చని చెప్పారు. రిజర్వేషను దొరికింది, కింద బెర్తే. నోటుబుక్కులు మొత్తం నాలుగయ్యాయి, నాలుగూ తీసుకెళ్తున్నాను. అరిసెలకి బియ్యం మాత్రం మా ఆవిడ వేరే డబ్బాలో పోసి ఉంచింది.

ఇట్లు,
ఒక రిటైర్డు లస్కరు,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా
(పేరు అచ్చువేయవద్దని మనవి)